జనం చీటీల్లోంచి పుట్టే కామెడీ

రాజకీయ నాయకుడు ఎవరైనా సరే, తనకి ఏయే కంపెనీలతో డబ్బు సంబంధం ఉందో ఆ కంపెనీల పేర్లూ లోగోలూ అన్నీ కుట్టించిన కోటు వేసుకునే జనంలోకి రావాలి, కార్ల రేసుల్లో డ్రైవర్లు వేసుకుంటారే అచ్చం అలాంటిది. ఈ ఐడియా ఏ కామెడీ రైటరూ రాత్రంతా కూర్చుని రాసింది కాదు, ఇంగ్లండులో ఒక షోకి టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుల్లో ఒకళ్ళు ఫారం మీద రాసి ఇచ్చింది. నాకు ఈ మాట తెలిసి చాలా ఏళ్ళయింది, ఇప్పటికీ ఎవరైనా మైకు ముందు నిలబడి ప్రజాసేవ గురించి మాట్లాడుతుంటే నా కళ్ళు ముందు ఆయన చొక్కా మీదకే పోతాయి, ఇక్కడ ఏ లోగో ఉండాలి, భుజం మీద ఏది ఉండాలి అని.

ఆ షో చేసినాయన పేరు మార్క్ థామస్, లండన్ కమెడియన్, 1963లో పుట్టాడు. 2009లో బీబీసీ రేడియో 4లో మేనిఫెస్టో అనే పేరుతో మొదలుపెట్టాడు. పద్ధతి చాలా సింపుల్: హాల్లోకి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక ఫారం ఇస్తారు, మీరే గవర్నమెంటు అయితే ఏ పాలసీ తెస్తారో రాయమంటారు, ఆయన వాటిలోంచి కొన్ని ఏరి స్టేజీ మీద చదువుతాడు, రాసినవాళ్ళతో మాట్లాడతాడు, వాదిస్తాడు, దాని వెనకున్న లెక్కలు చెప్తాడు, చివర్లో హాలంతా కలిసి ఏది గెలిచిందో తేలుస్తుంది. గెలిచింది జనం మేనిఫెస్టోలోకి ఎక్కుతుంది. అంతే.

అప్పటి టైము కూడా చూడాలి. 2008లో బ్యాంకులు కూలిపోయి జనం పన్ను డబ్బుతో వాటిని నిలబెట్టారు, 2009 మే నెలలో ఎంపీల ఖర్చుల బిల్లులు పేపర్లో బయటపడ్డాయి, ఒకాయన తన చెరువులో బాతులకి ఇల్లు కట్టించి 1,645 పౌండ్లు క్లెయిమ్ పెట్టాడు, ఇంకొకాయన బిల్లుల్లో తన పాతకాలపు బంగళా చుట్టూ ఉన్న కందకం పూడిక తీయించిన ఖర్చు కూడా ఉంది. బాతుల ఇంటి డబ్బులు ఇవ్వలేదనుకోండి, కానీ అడిగాడు కదా! ఇలాంటివి నిజంగా జరుగుతుంటే కమెడియన్ కల్పించి రాయడానికి ఏం మిగులుతుంది? అందుకే మార్క్ థామస్ పెన్ను తీసి జనం చేతిలో పెట్టాడు, నా దృష్టిలో అది ఆయన కెరీర్ మొత్తంలో చేసిన మంచి పనుల్లో ఒకటి.

జనాన్ని పనిలోకి దింపడం ఆయనకి కొత్తేం కాదు. 1996 నుంచి 2003 దాకా చానెల్ 4లో ఆయన ప్రోగ్రామ్ వచ్చేది, అందులోనే ఒకసారి వారసత్వపు పన్ను సంగతి పట్టుకున్నాడు. అప్పట్లో అక్కడి రూల్ ఏంటంటే, విలువైన పెయింటింగో పాతకాలపు ఫర్నిచరో వారసత్వంగా వస్తే పన్ను కట్టక్కర్లేదు, కాకపోతే జనం చూస్తామని అడిగితే చూపించాలి. ఆ రూల్ సంగతి జనంలో ఎంతమందికి తెలుస్తుంది? చర్చిల్ మనవడైన ఒక ఎంపీ దగ్గర ఇలా పన్ను మినహాయింపు పొందిన మూడు అరల మహాగనీ బల్ల ఉందని తెలిసి, మార్క్ థామస్ తన ప్రేక్షకులకి చెప్పాడు, వాళ్ళంతా మేమొచ్చి ఆ బల్ల చూస్తాం అపాయింట్‌మెంట్ ఇవ్వండి అని మొదలుపెట్టారు. తర్వాత 1998లో ఆ మినహాయింపు రూల్‌నే గట్టిగా బిగించారు. 2005లో ఇంకో చట్టం వచ్చింది, పార్లమెంటు దగ్గర్లో ఒక్క మనిషి బోర్డు పట్టుకుని నిలబడాలన్నా పోలీసు పర్మిషన్ ముందే తీసుకోవాలి అని. సరే అని ఆయన పర్మిషన్లు అడగడమే ఉద్యమం చేసేశాడు, ఒక్క రోజులో 20 నిరసనలు చేసి గిన్నిస్ రికార్డు కొట్టాడు, తనతోపాటు జనం చేత కూడా అప్లికేషన్లు పెట్టించాడు, పోలీసులు ఆ కాగితాలన్నీ చూసుకోవాల్సొచ్చింది. ఆ రూల్‌ని 2011లో తీసేశారు, ఆయన ఒక్కడి వల్లే అని నేననను, చాలామంది పోరాడారు, కానీ ఆ చట్టం ఎంత అర్థం లేనిదో చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించి చూపించింది మాత్రం ఆయనే.

ఇక ఆ ఫారాల్లో వచ్చిన పాలసీలు. అప్పట్లో బ్రిటన్లో ఐడీ కార్డుల గొడవ నడుస్తోంది, 2006లో చట్టం కూడా చేశారు, సమర్థించేవాళ్ళ వాదన ఎప్పుడూ ఒకటే, దాచుకోవడానికి ఏమీ లేనివాడికి భయమెందుకు అని. ఫారంలో వచ్చిన పాలసీ ఏంటంటే, ఐడీ కార్డుల్ని సమర్థించేవాళ్ళ ఇళ్ళకి కర్టెన్లు ఉండకూడదు. ఒక్క లైను. ప్రైవసీ మీద పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను నేను, వాటిల్లో ఏదీ నాకు ఇంత గట్టిగా తగల్లేదు. (ఆ చట్టాన్ని 2010లో వచ్చిన కొత్త ప్రభుత్వం రద్దు చేసింది.) ఇంకోటి, గుట్టలెక్కడానికి చేసిన పెద్ద పెద్ద ఫోర్ బై ఫోర్ బళ్ళేసుకుని సిటీలో తిరిగేవాళ్ళు ఎక్కడికెళ్ళినా రోడ్డు మీద కాకుండా రాళ్ళలో గుట్టల్లోనే నడపాలి. దీన్ని చదివి నాకు మన హైటెక్ సిటీ రోడ్ల మీద ఒక్క మనిషి కోసం తిరిగే పెద్ద పెద్ద బళ్ళన్నీ గుర్తొచ్చాయి.

వీటి పక్కనే పూర్తి సీరియస్‌వి కూడా వచ్చాయి, అదీ నాకు నచ్చింది. జీతానికి కనీసం ఉన్నట్టే గరిష్ఠం కూడా ఉండాలని, విదేశీ కరెన్సీ సట్టా మీద చిన్న పన్ను వేయాలని. ఈ రెండోది జేమ్స్ టోబిన్ అనే ఎకనమిస్టు 1972లోనే చెప్పిన ఐడియా, తర్వాత ఆయనకి 1981లో నోబెల్ కూడా వచ్చింది. నోబెల్ గ్రహీత ఐడియా, కర్టెన్ల ఐడియా ఒకే కట్టలో ఉంటాయి, ఒకే హాలు రెండిటి మీదా చేతులెత్తుతుంది, ఇది సీరియస్ ఇది జోకు అని ముందే ఎవరూ విడదీయరు. మామూలుగా అలా విడదీసే అధికారం ఎప్పుడూ పైనున్నవాళ్ళ చేతిలోనే ఉంటుంది, మన మాట నచ్చకపోతే నవ్వేసి పక్కన పెట్టేస్తారు, ఇక్కడ ఆ అధికారం వాళ్ళకి లేదు.

నాకు బాగా అర్థమైన విషయం ఏంటంటే, కోపం వేరు, జీవో వేరు. మనం రోజూ టీ కొట్టు దగ్గర తిట్టుకుంటాం, అందరూ దొంగలే అంటాం, ఈ దేశం బాగుపడదు అంటాం, అది ఎంతసేపు మాట్లాడినా ఎవడికీ ఏం కాదు, ఎందుకంటే అందులో ఎవరు ఏం చెయ్యాలో లేదు. అదే నీకు ఒక చీటీ ఇచ్చి, సరే నీ కోపాన్ని జీవోలా రాయి, ఎవరికి వర్తిస్తుంది, ఏం చెయ్యాలి, చెయ్యకపోతే ఏంటి అన్నారనుకోండి, అప్పుడు బుర్ర వేరేగా పనిచేస్తుంది, ఆ కోపం పదునెక్కుతుంది. నవ్వు కూడా అక్కడి నుంచే పుడుతుంది. ఫలానా నాయకుడు పందిలా ఉన్నాడు అంటే అది బూతు మాత్రమే, దానికి నవ్వితే నవ్వొచ్చు కానీ మర్నాటికి ఏం మిగలదు. కర్టెన్లు తీసెయ్యాలి అంటే మాత్రం మర్నాడు కూడా ఆలోచిస్తావు, అవును కదా ఎందుకు తీయకూడదు అని.

ఇలా రాసినదానికి ప్రభుత్వాలు కూడా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, అమెరికాలో అదే అయ్యింది. వైట్‌హౌస్ వాళ్ళు 2011లో పిటిషన్ల సైటు పెట్టారు, 25 వేల సంతకాలు వస్తే జవాబిస్తాం అన్నారు. 2012లో జనం ఏం అడిగారంటే, స్టార్ వార్స్ సినిమాలో గ్రహాల్ని పేల్చేసే డెత్ స్టార్ ఉంటుంది కదా, అది ప్రభుత్వం కట్టాలి, ఉద్యోగాలొస్తాయి, దేశ రక్షణకీ పనికొస్తుంది అని. 34 వేల మందికి పైగా సంతకం పెట్టారు. మాటిచ్చారు కాబట్టి 2013 జనవరిలో జవాబు ఇవ్వాల్సొచ్చింది, దాని ఖర్చు 850 క్వాడ్రిలియన్ డాలర్లు (85 పక్కన 16 సున్నాలు) అవుతుందని అంచనా, మేం బడ్జెట్ లోటు తగ్గించే పనిలో ఉన్నాం పెంచే పనిలో లేం, పైగా గ్రహాల్ని పేల్చడాన్ని ఈ ప్రభుత్వం సమర్థించదు అని. ఆ జవాబులోనే స్పేస్ స్టేషన్ గురించి, నాసా చేస్తున్న పనుల గురించి కూడా చెప్పారు. జనం ఆటగా అడిగితే సర్కారు కూడా మర్యాదగా, లెక్కతో సహా ఆడింది. మన దగ్గర సీరియస్‌గా పెట్టిన అర్జీకే "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చి ఊరుకుంటుంది, అది ఎలా పరిష్కారమైందో మనకే తెలీదు. నాకిలా జరిగింది, మా వీధి డ్రైనేజీ గురించి, మెసేజ్ వచ్చిన రోజు కూడా మేం గడప ముందు ఇటుకల మీద నడిచే ఇంట్లోకెళ్ళాం.

బ్రిటన్లో మార్క్ థామస్‌కి ముందే ఈ దారి తొక్కినవాళ్ళున్నారు, మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీ. డేవిడ్ సచ్ అనే రాక్ సింగర్ పెట్టాడు, స్క్రీమింగ్ లార్డ్ సచ్ అంటే తెలిసేది అందరికీ. వాళ్ళు కూడా జనం పంపే పాలసీల్ని తీసుకుంటారు. 99 పెన్నీల నాణెం తేవాలి అని ఒకటుంది అందులో, అన్ని షాపుల్లో ధరలు 99తోనే కదా ఉండేది, చిల్లర గొడవ తప్పుతుంది అని. మన బాటా షాపు ధరలు చూసి పెరిగినవాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోతుంది. సచ్ అడిగిన ఇంకో ప్రశ్న, గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే మోనోపోలీస్ కమిషన్ దేశంలో ఒక్కటే ఎందుకుంది అని. ఎకనామిక్స్ స్టూడెంట్లు దీని మీద పరీక్ష రాయొచ్చు!

ఈయన 1963లో మొదటిసారి నిలబడినప్పుడు పార్టీ పేరు నేషనల్ టీనేజ్ పార్టీ, 18 ఏళ్ళకే ఓటు ఇవ్వాలి అన్నాడు, అప్పుడది 21. కుర్ర సింగర్ పబ్లిసిటీ కోసం చేస్తున్నాడన్నారు. 1969లో చట్టం వచ్చింది, 18కి ఓటు వచ్చింది. పబ్బులు మధ్యాహ్నం మూసెయ్యకుండా రోజంతా తెరవాలన్నారు, 1988లో అదీ వచ్చింది. పెంపుడు జంతువులకి పాస్‌పోర్టు అన్నారు, 2000లో అదీ వచ్చింది. ఇవన్నీ సచ్ వల్లే వచ్చాయని చెప్తే తప్పవుతుంది, ఓటు వయసు విషయంలో ప్రభుత్వం వేసిన కమిటీ ఉంది, దానికి పెద్ద చరిత్రే ఉంది. కానీ జోకు అనుకున్నది పాతికేళ్ళలో మామూలు చట్టం అయిపోవడం చూస్తే, దేన్ని చూసి నవ్వాలో దేన్ని పట్టించుకోవాలో మనకి ముందే తెలుసనుకోవడం ఎంత తప్పో తెలుస్తుంది. మన దేశంలోనూ ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989లోనే, అంటే వాళ్ళకంటే 20 ఏళ్ళ తర్వాత. మా నాన్నగారికి 21 నిండాకే మొదటి ఓటు.

అయితే ఇదంతా నవ్వుకుని ఇంటికెళ్ళిపోయే వ్యవహారం కదా, జనం కోపాన్ని నవ్వులో కక్కేసి చల్లబడిపోతారు, పాలకులకి అదే కావాలి అనే వాదన ఉంది. నా ఫ్రెండు ఒకడు పార్టీలో పనిచేసినవాడు, వాడు గట్టిగా ఇదే అంటాడు, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. నిజంగానే చాలా స్టాండప్ షోలు అలాగే ఉంటాయి, ఒక గంట తిట్టి, చప్పట్లు కొట్టించుకుని, బయటికొస్తే బిర్యానీ ఎక్కడ తిందాం అనే. కానీ జనం తామే రాసినప్పుడు కొంచెం తేడా పడుతుంది, ఎందుకంటే అది నీ చేత్తో రాసింది, నీ పేరు మీద చదివారు, నువ్వు లేచి నిలబడి దాన్ని వాదించాలి, దాన్ని అక్కడే వదిలేసి రావడం అంత ఈజీ కాదు. 2010 ఎన్నికల్లో బ్రిస్టల్లో ఒకాయన ఈ జనం మేనిఫెస్టో పట్టుకుని నిజంగానే ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. ఓడిపోయాడు. అక్కడ డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం ఓట్లొస్తే వెనక్కొస్తుంది, మన దగ్గర లోక్‌సభకి 25 వేలు కట్టాలి, ఆరో వంతు ఓట్లు రాకపోతే పోయినట్టే. జోకు పట్టుకుని ఎన్నికల్లోకి దిగడానికి ఎక్కడైనా ఖర్చు ఉంది.

గెలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్ వెళ్ళాలి. ఐస్‌లాండ్‌లో 2008లో మూడు పెద్ద బ్యాంకులూ ఒకేసారి కుప్పకూలాయి, యోన్ గ్నార్ అనే కమెడియన్ బెస్ట్ పార్టీ అని పెట్టాడు, జూకి ధ్రువపు ఎలుగుబంటి తెస్తాం, స్విమ్మింగ్ పూల్స్‌లో తువ్వాళ్ళు ఫ్రీ, అసలు మా హామీలన్నీ మేం తప్పుతాం అని ముందే చెప్తున్నాం అన్నాడు. 2010 మే ఎన్నికల్లో 34.7 శాతం ఓట్లొచ్చాయి, 15లో 6 సీట్లు, ఆయనే మేయర్. తర్వాత మొదలైంది అసలు కథ, నగరపాలక సంస్థకి చెందిన కరెంటు వేడినీళ్ళ కంపెనీ అప్పుల్లో పీకల్దాకా మునిగి ఉంది, రేట్లు పెంచాల్సొచ్చింది, ఉద్యోగాలు తీసెయ్యాల్సొచ్చింది, కొన్ని స్కూళ్ళని కలిపేశారు, జనం తిట్టారు. ఎలుగుబంటి రాలేదు. కానీ ఇంకోటి వచ్చింది. ఆ ఎన్నికలప్పుడే బెటర్ రెక్యావిక్ అనే వేదిక మొదలైంది, జనం సలహాలు పెడతారు, జనమే వాటి మీద వాదించి పైకి తెస్తారు, 2011 నుంచి నెలనెలా పైకొచ్చిన వాటిని కౌన్సిల్ తప్పకుండా తీసుకుని చర్చించాలి. 2014లో యోన్ గ్నార్ మళ్ళీ నిలబడలేదు, నాలుగేళ్ళు చేసి దిగిపోయాడు, ఆ వేదిక మాత్రం ఆయన తర్వాత కూడా నడిచింది. ఎలుగుబంటి కంటే నాకిదే పెద్ద విషయం.

ఇదంతా చదివి, ఇవి తెల్లోళ్ళ సరదాలు మనకెందుకు అనేవాళ్ళకి నేను బుర్రకథ గుర్తుచేస్తాను. కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకళ్ళు హాస్యం, ఇంకొకళ్ళు రాజకీయం, కథ ఎంత సీరియస్‌గా నడుస్తున్నా మధ్యలో ఆపి, మా ఊళ్ళో రేషను బియ్యం సంగతేంటి అని అడిగేది వాళ్ళే. స్టేజీ మీద రాజకీయానికీ హాస్యానికీ చెరొక మనిషిని కేటాయించి పక్కపక్కనే నిలబెట్టిన కళ మనది! అవధానంలో అప్రస్తుత ప్రసంగం కూడా అంతే, అవధాని పద్యం కడుతుంటే పృచ్ఛకుడు అడ్డు తగిలి ఏదో చిలిపి ప్రశ్న వేస్తాడు, అవధాని వెంటనే జవాబు చెప్పి హాలంతా నవ్వించాలి, మళ్ళీ పద్యంలోకి వెళ్ళిపోవాలి. ఎదురు ప్రశ్న వేసే మనిషి లేకపోతే ఆ ఆటే లేదు. కాబట్టి మనకి అలవాటు లేనిది ఇందులో ఏమీ లేదు.

అందుకే మొన్న వినాయక చవితికి మా కాలనీ మండపం దగ్గర తంబోలా బదులు ఈ చీటీల ఆట పెడదాం అని నేను అడిగాను. కమిటీలో పెద్దాయన ఒకరు భయపడ్డారు, "రాజకీయాలొద్దు బాబూ, అన్ని పార్టీలవాళ్ళూ చందా ఇచ్చారు" అన్నారు. పేర్లు రాయకూడదు, పార్టీ పేర్లు రాయకూడదు, జీవో మాత్రమే రాయాలి అని రూల్ పెడితే ఒప్పుకున్నారు. ఆ రూల్ పెట్టడం వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేను, ఫలానావాడు అనే మాట తీసేస్తే మనిషికి పని గురించి ఆలోచించక తప్పదు.

ఎక్కువ చీటీల్లో వచ్చింది ఏంటో ఊహించండి. కలెక్టర్లు, ఎమ్మెల్యేల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలి, వాళ్ళకి జ్వరమొస్తే గాంధీకో ఉస్మానియాకో రావాలి. ఇది మనం చిన్నప్పట్నుంచీ ప్రతి రచ్చబండ దగ్గరా వింటున్నదే, అందుకే ముందు ఎవరూ పెద్దగా నవ్వలేదు. అప్పుడు నేను మైకులో చెప్పాను, ఇది జోకు కాదు, 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు నిజంగానే ఇలా ఆర్డర్ ఇచ్చింది, యూపీలో ప్రభుత్వ జీతం తీసుకునే ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, జడ్జీలు అందరూ పిల్లల్ని సర్కారు ప్రైమరీ బళ్ళకి పంపేలా చూడమని. హాలు ఒక్క క్షణం ఆగి, తర్వాత పెద్దగా నవ్వింది, చప్పట్లు కొట్టింది, వెనకనుంచి ఎవరో "మరి అమలైందా సార్" అన్నారు, లేదండీ అన్నాను, అప్పుడు ఇంకా పెద్దగా నవ్వారు. ఆ చివరి నవ్వు మాత్రం సరదా నవ్వు కాదు.

ఇంటర్ చదివే అమ్మాయి రాసిన చీటీ నాకు ఆ రేసు డ్రైవర్ కోటు కంటే గొప్పగా అనిపించింది. పార్టీ మారిన ఎమ్మెల్యే పాత కండువా తీయకూడదు, కొత్తది దాని మీదే వేసుకోవాలి, ఎన్ని మారితే అన్నీ మెడలోనే ఉండాలి, ఎండాకాలం కూడా. హాలు ఊగిపోయింది. ఫిరాయింపుల చట్టం మనకి 1985 నుంచి ఉంది, రాజ్యాంగంలో పదో షెడ్యూలు, అనర్హత వెయ్యాలా వద్దా తేల్చేది స్పీకర్, కానీ ఎన్నాళ్ళలో తేల్చాలో అందులో రాయలేదు, అందుకే ఏళ్ళు గడిచిపోతుంటాయి, తెలంగాణ విషయంలోనే 2025 జులైలో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయికి ఈ షెడ్యూలు తెలుసో లేదో నేనడగలేదు, కానీ స్పీకరూ కోర్టూ అక్కర్లేకుండా, గడువు కూడా అక్కర్లేకుండా అమలయ్యే శిక్ష రాసింది, కండువా ఎప్పుడు మారితే అప్పుడే. లోగోల కోటు సంగతి కూడా చెప్పాను వాళ్ళకి, పార్టీలకి గుట్టుగా చందాలిచ్చే ఎలక్టోరల్ బాండ్లని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసి పేర్లు బయటపెట్టించాక రెండో అతిపెద్ద కొనుగోలుదారు హైదరాబాద్ కంపెనీయే అని తేలింది కదా, ఆ లోగో ఎన్ని చొక్కాల మీద ఉండేదో.

ఆఫీసులో సర్వర్ డౌన్ అంటే ఆ ఆఫీసు పెద్దసారు ఏసీ కూడా డౌన్ చెయ్యాలి అని ఒకటి. కాన్వాయ్ కోసం ట్రాఫిక్ ఎంతసేపు ఆపితే ఆ నాయకుడు అంతసేపూ మా బస్టాపులో నిలబడాలి అని ఒకటి. బతుకమ్మ చీరలు ఏ రంగు రావాలో మేం ఓటేస్తాం అని ఒక అత్త రాసింది, నవ్వొచ్చేలా ఏం లేదు అందులో, కానీ న్యాయమైన మాట.

గెలిచింది మాత్రం మా కాలనీ చివర టైరు పంక్చర్ షాపు నడిపే అన్న రాసింది. రోడ్డు ప్రారంభించిన రోజు శిలాఫలకం పెడతారు, పేర్లన్నీ చెక్కిస్తారు, బానే ఉంది, ఆ రోడ్డు మీద గుంత పడితే ఆ శిలాఫలకాన్ని పీకి గుంత పక్కన పెట్టాలి, గుంత పూడ్చాకే దాని చోటికి తీసుకెళ్ళాలి. రాసిన మనిషికి గుంతలతోనే గిరాకీ! అదే అడిగాను, మీ వ్యాపారానికి నష్టం కదన్నా అని. "బండి మీదనుంచి పడ్డోళ్ళని నేనే కదా లేపేది" అన్నాడు. చప్పట్లు ఆగలేదు.

తర్వాత కుర్చీలు సర్దేస్తుంటే కూడా పదిమంది అక్కడే నిలబడి దీని మీదే వాదించుకున్నారు. రెండు గుంతలు పడితే ఏ గుంత దగ్గర పెట్టాలి, రాయి ఒక్కటే కదా అని ఒకాయన. పెద్ద గుంత దగ్గర పెట్టి చిన్నదానికి ఫోటో ఫ్లెక్సీ కడదాం అని ఇంకొకాయన. రాత్రిపూట రాయి కనపడక దానికే గుద్దుకుంటారు, రేడియం స్టిక్కరు తప్పనిసరి అని కమిటీ పెద్దాయన, రాజకీయాలొద్దన్నాయనే. పీకి తెచ్చే ఖర్చు ఎవరిది అంటే, ఫలకం మీద ఎన్ని పేర్లున్నాయో అందరికీ సమానంగా వెయ్యాలని తేలింది, కాంట్రాక్టరు పేరు ఫలకం మీద ఉండదు కాబట్టి ముందు అది చెక్కించడం కంపల్సరీ చెయ్యాలని పంక్చర్ షాపు అన్న పట్టుబట్టాడు, అది ఒకటో క్లాజు అయింది. నా హ్యాండ్‌రైటింగ్ బాగుంటుందని నన్ను రాయమన్నారు. నాలుగు క్లాజులు, కింద సంతకాలు, సోమవారం సర్కారు అర్జీలు తీసుకునే ప్రజావాణికి కండువాల అమ్మాయి వాళ్ళ నాన్న ఎలాగూ పెన్షన్ పని మీద వెళ్తున్నారు, ఇది కూడా ఇచ్చి రసీదు తీసుకుంటానన్నారు.